పులి పంజాకి చోటు

దర్జీ అమ్మాయి అద్దె ఒప్పందం చేత్తో పట్టుకుని టీ కొట్టు దగ్గర అరగంట నుంచి నిలబడే ఉంది. గది యజమాని సంచీ ఒళ్ళో పెట్టుకుని అక్కడే టీ తాగుతున్నాడు. పన్నెండింటి బస్సుకి ఆయన కూతురి ఊరు వెళ్ళిపోతాడు. పొద్దున కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, సంతకం చెయ్యకుండానే తిరిగిచ్చాడు. ఆ సంతకం పడకుండా ఆయన బస్సెక్కితే, ఆయన బావమరిది రంగు డబ్బాలు తెచ్చి ఆ గదిలో దింపేస్తాడు. అమ్మాయి కుట్టుమిషన్లు రెండూ ఇప్పటికే గదిలో చేరిపోయాయి.

"బాబాయ్, నువ్వు రాసిన కాగితంలో ఒక చిక్కుంది," అంది.

టీ కొట్టు బల్ల మీద కూర్చున్న కలం బాబాయి చెయ్యెత్తి ఆపాడు. దస్తావేజులు రాయడం ఆయన పని, తన గురించి చెప్పుకోవడం ఆయన వ్యసనం.

"నా కాగితంలో చిక్కా? ముందు కూర్చో. వయసులో ఉండగా ఒక టీ చల్లారేలోపు అన్నదమ్ముల ఒప్పందం రాసి పారేశాను. ఆ పేరు అడివి దాకా పాకింది. అడివి అంచున ఒకాయన తోటలోకి పులి వచ్చి పడుకుంటోంది. ఆయన నా కాళ్ళ మీద పడ్డాడు. రాత్రి తోట పులిది, పగలు ఆయనది, మేకల జోలికి రాకూడదు. ఇలా రాశాను."

"పులి ఒప్పుకుందా?" అన్నాడు టీ కొట్టు ఆయన.

"ఒప్పుకోకపోతే అది ఒప్పందం ఎలా అవుతుందయ్యా? దాని మెడలో తాడు వేసి తెచ్చారు, నేనే విప్పించాను. కట్టేసి పెట్టించిన సంతకం చెల్లదు."

"మైనరు పులి అయితేనో?"

"పళ్ళు లెక్కపెట్టాను. మతి స్థిరంగా ఉందో లేదో చూడ్డానికి మేకను చూపించాను, లొట్టలేసింది. ఇక సాక్షులు ఇద్దరు కావాలి కదా. రెండు జింకలొచ్చాయి. భయంతో వణికే సాక్షి పనికిరాదు కాబట్టి పులిని అటు తిరగమన్నాను, తిరిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొత్తం చదివి వినిపిస్తుంటే మూడో షరతు దగ్గర గుర్రుమంది. కొట్టేసి దిద్దాను. దిద్దిన చోట కూడా పంజా వేయించాను. అందరూ మరిచిపోయేది అక్కడే."

యజమాని గడియారం చూసుకున్నాడు. అమ్మాయి కూడా చూసింది. పదిహేను నిమిషాలు.

"అది విని మబ్బు దిగొచ్చింది," బాబాయి గొంతు పెంచాడు. "ఏడాదికి మూడు నెలలు ఈ ఊరి మీద కురవడానికి ఒప్పందం రాయమంది. మెరుపుతో సంతకం పెట్టింది. కాగితం కాలిపోయింది గానీ, లేకపోతే ఇప్పుడే తెచ్చి చూపించేవాణ్ణి."

"బాబాయ్," అంది అమ్మాయి మెల్లగా, "ఆ పులి పంజా ఎంతుంటుంది?"

"ఇదిగో, ఈ పళ్ళెమంత."

"అంత పంజాకి రెండు చోట్ల జాగా మిగిల్చావు. ఈయన సంతకానికి మాత్రం వేలెడు జాగా లేదేం?"

కాగితం ఆయన ముందు పరిచింది. అడుగున 'రాసినవారు' అన్నచోట మొదలైన బాబాయి సంతకం నాలుగు మెలికలు తిరిగి, సాక్షుల గీతలు దాటి, 'అద్దెకిచ్చినవారు' అన్న మాట మీదుగా తోక చాపుకుని అవతలి అంచుదాకా పాకింది. సాక్షుల్నీ మింగింది, యజమానినీ మింగింది.

"నేనెక్కడ పెట్టను మరి? వీపు మీదా?" అన్నాడు యజమాని. ఆయన నవ్వుకి చేతిలో టీ తొణికింది.

బాబాయి కొత్త కాగితం తీసి, వంచిన తల ఎత్తకుండా రాశాడు. నిజం చెప్పాలంటే చెయ్యి మహా వేగం. చదివి వినిపించాడు. యజమాని సంతకం చేశాడు, అమ్మాయి చేసింది, టీ కొట్టు ఆయనా ఒక పాల మనిషీ సాక్షులయ్యారు. అందరిదీ అయ్యాక బాబాయి ఒక మూల చీమంత సంతకం పెట్టాడు.

బస్సు కదిలిపోయింది. అమ్మాయి సిరా మీద ఊదుతూ కూర్చుంది. మిషన్ కిటికీ పక్కన వేసుకోవాలి, వెలుతురు బాగుంటుంది అనుకుంది.

"ఆ మబ్బు ఒప్పందం ఏమైంది బాబాయ్? మూడు నెలల్లో ఒక్క చినుకు లేదు," అన్నాడు టీ కొట్టు ఆయన.

బాబాయి కలం జేబులో పెట్టుకుని ఆకాశం వైపు చూశాడు.

"గడువు తీరిపోయింది," అన్నాడు. "ఒక టీ పొయ్యి."