వేరుగ వెట్టిన తల్లె

"నాయనమ్మా, బాపుకు ఆ లింఫోమా ఎట్లొచ్చింది? ఆఖర్ల నన్నెందుకు దగ్గరికి రానియ్యకపోతుండె?"

కూసో మౌనికా, కూసో. గట్ల నిలవడి అడిగితే చెప్పే మాటనా అది? జర ఆ చాట ఇటియ్యి, చింతపండు గింజ తీసుకుంట చెప్త. చేతులు ఊకుంటే నాకు మాట రాదు.

మీ బాపు మస్తు కష్టపడుతుండె. మనకు శేరిగూడ తొవ్వల ఎకరం చెల్క ఉండె... ఎకరం కాదు, ఇంకో పది గుంటలెక్కువనే. టమాట, బెండ పెడుతుంటిమి. పొద్దుగాల్నే ఆటోల ఏసుకొని తుర్కయాంజాల్ దిక్కు అమ్మవోతుండె. కిలో రెండు రూపాయలకు గూడ అడిగెటోళ్లు లేక, ఒక్కోపారి పారబోసి వస్తుండె. ఆఁ, ఏం చెప్తున్న? రోగం గద. పురుగుల మందు కట్టెతోని కలుపు బిడ్డా అంటే ఇనకపోతుండె. చెయ్యి పెట్టే కలుపుతుండె. కొట్టి వచ్చేసరికి అంగీ అంత తడిసి వాసనొస్తుండె.

మెడకాడ గడ్డ లేచింది. నిమ్మకాయంత ఉంటది. నొప్పి లేదు. నొప్పి లేదు గదాని సున్నం, బెల్లం నూరి పట్టేసినం. రెండు నెలలు... మూడు గావొచ్చు. సంకల గూడ లేచింది, మనిషి సగమయ్యిండు. అప్పుడు తోల్కవోయింది మీ అమ్మ పట్నం దవాఖానకు. మందులెక్కియ్యవట్టిన్రు. ఎక్కిచ్చుకొని ఇంటికొస్తుండె, మళ్ల పోతుండె.

గప్పుడే వాడకట్టోళ్లు నా చెవుల ఏసిన్రు, గది అంటుకునే రోగమని. నేను నమ్మిన. సదువు లేనిదాన్ని. వాడు బువ్వ తినే తల్లె వేరు వెట్టిన, గిలాస వేరు వెట్టిన. నీకప్పుడు నాలుగేండ్లు, బాపు వచ్చిండంటే ఉరికి ఒళ్లె కూసుంటుంటివి. నిన్ను రెక్క వట్టి గుంజుకొచ్చిన. "పోకు, అంటుకుంటది" అన్న. ఒక్కపారి గాదు, దినాం అన్న. వాడు ఇనుకుంటనే ఆ వేరే తల్లెల తింటుండె.

ఓ దినం మీ అమ్మకు జొరమొస్తే, నేనే ఎంట వోయిన దవాఖానకు. పక్క మంచం మీద అప్పటి నీ అంత పోరి ఉండె, గదే రోగమట. వాళ్ల అమ్మ దాని ఎంగిలి తల్లెలనే తింటుండె. నా పానం ఆగలే, "అంటుకోదా అమ్మా?" అన్న. అక్కడున్న డాక్టరమ్మ ఇన్నది. "గిది అంటుకునేది కాదు పెద్దమ్మా" అన్నది.

మరెట్లొచ్చిందని అడిగిన. గిదే కారణమని చెప్పలేమన్నది. పురుగుల మందు కొట్టెటోళ్లకు జర ఎక్కువ వస్తదంటరట, జొరాలు తెచ్చే కొన్ని క్రిముల తోని గూడనట, ఒంట్ల రోగాన్ని ఆపే తాకత్ తగ్గినోళ్లకట, ఇంట్ల ఎవరికన్న ఉన్నోళ్లకట. ఇవన్ని ఉండి గూడ రానోళ్లే ఎక్కువనట. ఏది లేనోళ్లకు గూడ వస్తదట. "గా పోరి ఏం తప్పు చేసింది చెప్పు?" అన్నది. గోడకొరిగి ఏడ్సిన.

ఇంటికొచ్చినంక తల్లెలన్ని కలిపేసిన. "పో బిడ్డా, మీ బాపు ఒళ్లె కూసో" అన్న నిన్ను. వాడు చేతులు చాపిండు, గా సన్నటి చేతులు. నువ్వు నా కొంగు వట్టుకొని ఎనకకు జరిగినవ్. "అంటుకుంటది నాయనమ్మా" అన్నవ్. నా మాటనే, నా లెక్కనే అన్నవ్. వాడు నవ్విండు. "రేపొస్తది తియ్యే అమ్మా" అన్నడు. తెల్లారి జొరమెక్కువైందని మళ్ల తోల్కవోయినం. ఇగ రాలె.

నీకు గుర్తుండదనుకున్న ఇన్నేండ్లు. మీ బాపు నిన్ను రానియ్యలేదనుకుంటున్నవ్ గద? వాడు పిలిసిండు బిడ్డా. నడ్మ నేనున్న.

చాట పక్కకు వెట్టు. ఇటు రా, తలకాయ ఇట్ల వెట్టు. నువ్వు సల్లగుండాలె. రేపు నీ పిల్లలు నీ ఒళ్లె కూసొని నీ తల్లెలనే తినాలె. ఎవ్వరొద్దన్న ఇనకు... నేనన్న గూడ ఇనకు.