నీళ్ళు వదలండి

ఆ కాగితం ఇచ్చెయ్యరాదుటండీ సెల్మా గారూ! పొద్దున్నించి మీ గుమ్మంలో నిలబడి కాళ్ళు పీకుతున్నాయి. "లెన్‌హార్ట్ మంచివాడు, యూదులకి కీడు తలపెట్టలేదు." అంతేగా అందులో ఉన్నది! యుద్ధం అయ్యాక నాజీలతో ఎవరెవరు కలిశారో తేల్చే ఈ విచారణలో ఒక్క యూదుడి సంతకం చూపిస్తేనే నా రేకుల కొట్టు తెరవనిస్తారట అమెరికా వాళ్ళు. మీ యూదుల్లో ఊరికి తిరిగొచ్చింది మీరొక్కరే. ఇంకెవర్నడగనండీ?

ఆఁ? మీ నాన్నగారు ఎలా పోయారా? గుండె ఆగి అని డాక్టరు రాశాడుగా!

ఉండండి, కూర్చోనివ్వండి.

ఈ ఊరికి తిండి పెట్టింది మీ నాన్నగారు వాలర్‌స్టైన్ గారే, కాదంటే కళ్ళు పోతాయి. బ్యాంకు తెరిచి, రైలు రప్పించి, బ్రష్షుల ఫ్యాక్టరీ పెట్టించారు. పందులు మేపుకునే మా నాన్న అందులో మేస్త్రీ అయ్యాడు. మిల్లు వీధి తగలబడ్డాక ఊరికి నీళ్ళ ఇంజను కొనిచ్చిందీ ఆయనే. అందుకే ఏటా మా అగ్నిమాపక దళం కవాతులో ఇత్తడి టోపీ పెట్టుకుని ఆయనే కేకేసేవారు, "నీళ్ళు వదలండి!" అని. చెయ్యెత్తితే ఆపాలి. గొట్టం మూతి పట్టేది నేను. ఇరవై ఏళ్ళు పట్టానండీ! ఆ కేక వింటే నా చెయ్యి దానంతటదే తిరిగేది.

యుద్ధానికి ముందు ఏడాది, ఆ నవంబరులో... పట్టపగలండీ. బడికి సెలవిచ్చి పిల్లలకి మరీ చూపించారు. నాజీలు నిప్పు పెట్టిన మీ ప్రార్థన మందిరం మండిపోతోంది. మమ్మల్ని పిలిచింది ఆర్పడానికా? అహఁ! పక్కిళ్ళు అంటుకోకుండా తడపడానికి.

ఆ పార్టీ వాళ్ళు మీ నాన్నగార్ని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. సగం మంది ఆ ఫ్యాక్టరీ కూలీలే, తిన్నింటి వాసాలు లెక్కపెట్టే వెధవలు! బూట్లతో తన్నారు. పళ్ళు రాలాయి. కళ్ళజోడు గాజు కంట్లో దిగింది. అయినా ఆయన మందిరం మెట్ల మీద లేచి నిలబడి, నాకేసి చూసి కేకేశారు. "లెన్‌హార్ట్! నీళ్ళు వదలండి!"

వదిలానండీ! మంటల మీదికే, దేవుడి తోడు. అలవాటు, ధైర్యం కాదు.

అప్పుడు వాళ్ళు... పీకకి తుపాకీ పెడితేనే మంట ఆర్పడం ఆపానని విచారణలో చెప్పాను. పెట్టలేదు. నవ్వారంతే. "యూదుడి కుక్కరా వీడు!" అని నవ్వారు. పిల్లలు కూడా నవ్వారు.

గొట్టం తిప్పాను. ఆయన మీదికి. ఆ నీళ్ళ దెబ్బకి ఇటుక గోడలే కూలతాయి, డెబ్భై ఏళ్ళ మనిషి ఎంత! ఎగిరి మెట్ల మీద పడ్డారు. తల పగిలిన చప్పుడు ఇంజను రొదలో కూడా నాకు వినబడింది. మెట్ల మీది నీళ్ళు ఎర్రగా దిగుతున్నాయి.

చెయ్యెత్తారండీ. కవాతులో ఎత్తినట్టే. చూశాను. నాకు తెలీదూ ఆ సైగ? ఆపలేదు. ఆ చెయ్యి పడిపోయాక కూడా ఆపలేదు.

ఏమిటీ... సంతకం పొద్దుటే పెట్టేశారా? ఎందుకూ? మందిరం మీద నీళ్ళు పోసింది నేనొక్కణ్ణేనని ఊళ్ళో చెప్పారా? అయ్యో! సగమే చెప్పారండీ మీకు!

చింపెయ్యండి. మీరే, ఇప్పుడే. నా చేతికి మాత్రం ఇవ్వకండమ్మా. ఇస్తే పట్టుకుపోతాను.