పిట్ట ముట్టలే

భయం లేదట! విన్నవా? నేను రాసిన దయ్యం కథల భయమే లేదట!

పొద్దుగాల్నే ఫోన్ చేసింది ఆ శ్రేయ. అదే, హైదరాబాద్ల కూసోని నా సీరియల్ దిద్దే పిల్ల. "ఆంటీ, లవ్ సూపర్, కానీ హారర్ ఎక్కడ? చదివేవాళ్లకి ఒళ్లు జలదరించాలి కదా" అంటది. ఇయ్యాల మా ఆయన సంవత్సరికం తల్లీ, కూర పొయ్యి మీదున్నది, రేపు మాట్లాడుదం అంటే ఇంటదా? సాయంత్రం వరకు ఆఖరి భాగం పంపాలెనట.

నువ్వన్న వింటున్నవా? లేక ఆడ గూడ ఎవలదో బోరు మోటర్ ఇప్పుకుంట కూసున్నవా?

ఇగో, ఇస్తారి పెట్టిన. పిట్టగోడ మీద. అన్నం, తలకాయ కూర, గారెలు, గ్లాసుల ఇంత నీ మందు. కింద మీ అక్క దుర్గమ్మ వదినె, మీవోళ్లంత ఆకులు ముందటేసుకొని కూసున్నరు. కాకి పిట్ట వచ్చి ముట్టేదాక ఎవ్వలు తినొద్దాయె. వదినెకు షుగరు. ఆగలేక ఊకె మెట్ల కాడికొచ్చి ఒర్లుతున్నది, "ముట్టిందా యశోదా?" అని.

ఒర్లనియ్యి. నేను నీతోని మాట్లాడేదున్నది.

బతికున్నప్పుడు ఎన్నడన్న విన్నవా నా మాట? నేను చెప్పుకుంట పోతుంటె నువ్వు వైండింగ్ తీగ చుట్టుకుంట "ఊఁ" అంటుంటివి. ఏం చెప్పిన్నే అని అడుగుతె మళ్ల "ఊఁ". ఇప్పుడు ఆ ఊఁ గూడ లేదు. మంచిగున్నది.

నీకు తెల్వది గదా, నేను రాస్తున్న. ఫోన్ల కథలు చదివే యాప్ ఉంటది, అండ్ల. నువ్వు పోయినంక మొదలువెట్టిన. పొద్దు పోవద్దా మరి? చచ్చిపోయిన మొగడు దయ్యమై పెండ్లాం కోసం వస్తడు. గదే కథ. మస్తు మంది చదువుతున్నరు. నవ్వకు.

వాని పేరు ఆర్యవర్ధన్! ఈ మెదక్ల ఎవలకన్న ఉన్నదా అసొంటి పేరు? శ్రేయ పెట్టింది. నేను ముందుగాల వేరే పేరు పెడితిని. అది మోటర్ మెకానిక్ పేరు లెక్క ఉన్నదట. తీసేసింది.

నర్సాపూర్ అడవిల బంగ్లా. రాత్రయితె వాడు తెల్లంగి తొడుక్కొని వస్తడు. వాడు రాకముందే సంపెంగల వాసనొస్తది. నువ్వెట్ల వస్తుంటివి? మోటర్లకు పూసే వార్నిష్ వాసన! దుప్పట్లకు గూడ అదే. ఎన్నిసార్లు ఉతికిన పోకుంటుండె. ఇప్పుడు పోయింది, ఏం లాభం.

కింద కామెంట్లు చూడాలె నువ్వు. "మీ వారు చాలా రొమాంటిక్ అనుకుంటా మేడమ్" అని రాసిందొకామె. నవ్వి నవ్వి పొట్ట నొచ్చింది నాకు. రొమాంటిక్! లగ్గమైన కొత్తల చర్చి చూపిస్త అని తీస్కపోయినవ్ యాదికున్నదా? ఎక్కడెక్కడోళ్లో జంటలు జంటలు ఫోటోలు దిగుతున్నరు. నువ్వేమో గేటు కాడ శంకరంపేట నగేష్ కనవడంగనే, వాని కాలిపోయిన మోటర్ ముచ్చట పెట్టుకొని నిలవడ్డవ్. నేను కొత్త చీర కట్టుకొని చెప్పులు చేత పట్టుకొని ఎండల నిలవడ్డ. లోపటికి పోనే పోలే మనం.

ఆర్యవర్ధన్ పోయేటప్పుడు ఏమన్నడో తెలుసా? "ఏడు జన్మల దాకా నీ చెయ్యి విడువ" అన్నడు. నువ్వేమన్నవ్? షాపుకెళ్లి ఫోన్ చేసి "కూరేంది?" అన్నవ్. "బెండకాయ" అన్న. "ఊఁ" అన్నవ్. అంతే. అటెన్క షాపు ముంగట కూలవడ్డవని నీ కాడ పనిచేసే ఎల్లేష్ ఉరికొచ్చె. దవఖానకు పోయేటాల్లకు అయిపాయె. గదే నాకు నువ్విచ్చిన ఆఖరి డైలాగు! గిసొంటి మొగన్ని పెట్టుకొని నేను ప్రేమ కథలు రాయాలె.

అయినా ప్రేమ రాసుడు అల్కనే. నువ్వు చెయ్యనియన్ని వానితోని చేపిస్త, అయిపోతది. భయమే వస్తలేదు నాకు.

దయ్యం వచ్చి తలుపు కొట్టే సీను రాసి పంపిన. మైథిలి, అదే మా హీరోయిన్, తలుపు తీసి "తిన్నవా?" అని అడుగుతది. శ్రేయ ఫోన్ల నెత్తి కొట్టుకున్నది. "ఆంటీ! దయ్యాన్ని ఎవరైనా తిన్నావా అని అడుగుతారా? కెవ్వుమని అరవాలి. చేతిలో గిన్నె కింద పడాలి" అన్నది. గిన్నె ఎందుకు పడాలె? మొగడు ఇంటికొస్తె గిన్నె పారేసుకుంటరా ఎవలన్న?

సరే, భయపడి చూద్దమని కూసున్న ఒకపారి. పట్టపగలే. తలుపులన్ని పెట్టుకొని, ఫ్యాను బందువెట్టుకొని, నువ్వొస్తున్నవని అనుకున్న. నిజంగనే తలుపు చప్పుడాయె! ఏం చేసిన్నో తెలుసా? ఉరికి పోయి గొళ్లెం తీసిన. చీర గూడ సదురుకున్న. భయపడేటోళ్లు గట్ల ఉరుకుతరా?

చూస్తె నగేష్. రిపేరుకిచ్చిన మోటర్ షాపులనే ఉండిపోయిందట, షటర్ తాళంచెవి కావాలెనట. ఒళ్లు మండింది. ఆని మొహం మీదనే తలుపేసిన. చర్చి కాడ గాడే, గీడ గూడ గాడే!

ఆఁ... వస్తున్న వదినె! ఇంక రాలే పిట్ట! జర ఆగుండ్రి!

అసలు ముచ్చట చెప్పనా? నీ మీద నాకెందుకు కోపమో?

నువ్వు పోయిన మూడొద్దులకు బొందలగడ్డ కాడ నీకు పిట్టకు పెట్టినం. అందరి కాడ ఏమైతది? పిట్ట రాదు. వచ్చినా ముట్టదు. పోయినోనికి ఏదో కోరిక మిగిలిందని అందరు పరేషాన్ అయితరు. ఒకరు పొలం అమ్మనే అమ్మమని మాటిస్తరు, ఒకరు పిల్ల పెండ్లి చేస్తమంటరు, ఒకరు నీ పెండ్లాన్ని మంచిగ చూసుకుంటమని చేతులు జోడిస్తరు. మా నాయిన వీరయ్యకు పొద్దుగూకేదాక ముట్టలే. ఆఖరికి మా అమ్మ ముంగటికొచ్చి, "నా గురించి రంధి పెట్టుకోకు, నేను ధైర్యంగ ఉంట" అన్నది. అప్పుడు ముట్టింది. మా అమ్మ ఆ ముచ్చట ఇప్పటికీ చెప్పుకుంటది, ఏదో మెడలేసుకున్న సొమ్ము లెక్క.

మరి నీకు? ఇస్తారి ఇంకా కింద పెట్టనే లేదు. నా చేతులనే ఉన్నది. ఎక్కడికెళ్లి వచ్చిందో, వచ్చి ఇంత ముక్క ఎత్తుకపాయె!

అందరు ఎంత ఖుషయిండ్రో. "పుణ్యాత్ముడు, ఒక్క కోరిక గూడ మిగుల్చుకోలే" అన్నరు. మీ అక్క అయితె కండ్లనీళ్లు తుడుచుకొని దండం పెట్టింది.

నాకు చెంప మీద కొట్టినట్టాయె. ఒక్క కోరిక గూడ లేదా? ఇన్నేండ్లు నీ పక్కన పండుకుంటి. నా గురించి ఒక్క రంధి లేదా? దీన్ని ఒంటిగ ఇడిసిపెట్టి ఎట్ల పోవాలె అని ఒక్క గడియ ఆగబుద్ధి గాలే? తలకాయ కూర చూసి ఉరికొచ్చినవ్!

దయ్యమన్న అయితవనుకున్న. దానిక్కూడ చాతగాలే నీకు.

అందుకే రాసిన. నా కథల పిట్ట ముట్టది. ఆర్యవర్ధన్‌కు ఏదో కోరిక మిగిలింది, దానికోసమే వస్తుంటడు. అది ఏం కోరికనో అని జనం చదువుతున్నరు. ఇయ్యాల చెప్పాలె నేను. "నీ ఒళ్లో నిద్రపోవాలని ఉంది అని రాయండి ఆంటీ" అన్నది శ్రేయ. థూ! చచ్చినోడు ఒక్క నిద్ర కోసం ఇంత దూరం వస్తడా?

మరి ఏమని రాయాలె? నాకు తెల్వది. నువ్వు నన్ను ఒక్కటన్న అడిగితె గదా తెలుస్తది? కూరేంది అనే అడుగుతుంటివి.

అగో.

వచ్చింది. డిష్ గొడుగు మీద కూసున్నది చూడు. మెడ వంకర పెట్టి గారెల దిక్కే చూస్తున్నది. ఇంత తొందరనా? యాడాదైనా బుద్ధి రాలే?

హుష్! హుష్! పో!

ఏం చూస్తున్నవ్? దండెం కట్టె నా చేతులనే ఉన్నది. ముట్టు చూద్దం. ఒక్క మెతుకు ముట్టు, రెక్క ఇరగ్గొడ్త. ఈసారి గంత అల్కగ పోనియ్య.

హుష్!

...శ్రేయా, భయం కావాలంటివి గదా బిడ్డా? ఇగో రాసుకో. ఆర్యవర్ధన్‌కు ఏ కోరికా లేదు. వాడు ఎప్పుడో పోతనంటున్నడు. మైథిలే పోనిస్తలేదు. మిద్దె మీద కట్టె పట్టుకొని నిలవడ్డది, పిట్టను రానిస్తలేదు. కింద అందరు ఆకలికి మాడుతున్నరు, అయినా దిగుత లేదు. ఒళ్లు జలదరిస్తదా చదివేటోళ్లకు? నాకైతె జలదరించింది.

హుష్! మళ్లొచ్చింది, సిగ్గులేంది!

ఏంది వదినె? లేదు! ముట్టలే! వచ్చుడు వస్తున్నది గని ముడుతలేదు! ఏందో కోరిక మిగిలినట్టున్నది మీ తమ్మునికి!

ఆఁ? ఏం కోరికనో అడగాల్నా?

అడుగుతనే ఉన్న వదినె! నోరిప్పుత లేడు! బతికున్నప్పుడు ఇప్పిండా?