త్రాసుకు తూగని బాణం

"నేనేం గొప్ప చెప్పుకుంటలేను గని, కలకత్తల కార్బన్ బాణం ఏరే పని జట్టోళ్లు నాకే ఇచ్చిండ్రు," అన్నాడు మల్లికార్జున్, చాయ్ సాసర్లో ఒంపుకుంటూ.

హన్మకొండ చౌరస్తాలో మొగిలమ్మ చాయ్ బండి ముందు ఆ సాయంత్రం బెంచీలన్నీ నిండాయి. జనం చూపంతా మల్లికార్జున్ ఒళ్లో ఉన్న పొడుగు పెట్టె మీదే. అందులో ఉన్నది కాంపౌండ్ విల్లు. రెండు కొసలకూ గిరకలుంటాయి, లాగాలంటే అరవై పౌన్ల బలం కావాలి. పందొమ్మిదివందల ఎనభై ఎనిమిదిలో ఊరు మొత్తానికి అలాంటిది అదొక్కటే. బట్టల దుకాణం రాజేశ్వర్ రావు తమ విలువిద్య క్లబ్బు కోసం బొంబాయి నుంచి తెప్పించాడు. విల్లు వచ్చింది గానీ బాణాలు రాలేదు. రేపు హైదరాబాద్ పోయి దానికి తగిన బాణాలు ఏరి తెచ్చేవాడే దసరా పోటీలో ఆ విల్లు పట్టాలని ఆయన తీర్పు. ఎవరిని పంపాలో తేల్చుకోవటానికే బెంచీ చివర కూర్చొని చాయ్ తాగుతున్నాడు.

ఎదురు బెంచీ మీద ప్రభుదాసు ఓర్వలేక చూస్తున్నాడు. మూడేళ్లుగా తెల్లారకముందే లేచి హసన్‌పర్తి దాకా సైకిల్ తొక్కి, వెదురు విల్లుతో సాధన చేసి వేళ్లు కోసుకున్నది తను. ఎంత బలమున్న వింటికి ఎంత బరువు బాణం పెట్టాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. కానీ తను చెప్పబోతే నలుగురూ ఆవులిస్తారు. మల్లికార్జున్ జట్టు సామాన్ల వెంట ఒక్కసారి కలకత్తా పోయొచ్చాడు, అంతే. అయినా ఆ పెట్టె ఎవరూ ఇమ్మనకుండానే అతని ఒళ్లోకి చేరింది. చాయ్ కూడా మొదట అతనికే వచ్చింది, మీగడతో.

"దుకాణంల నూరు బాణాలు పరిచిండ్రు. నల్లగ, పుల్లల లెక్క. ఒక్కొక్కటి చేత్తోని తూచి చూసిన. ఇది ఇరవై గ్రాములు, బరువు. ఇది పదిహేను, ఇదీ బరువే. ఆఖరికి ఒకటి దొరికింది, పట్టుకున్ననా లేదా అని నాకే అనుమానం. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? కంసాలి త్రాసు తెప్పించిండ్రు. ఒక తట్టల గురిగింజ, ఇంకో తట్టల బాణం. గురిగింజే కిందికి పోయింది."

"ఒక్క గురిగింజకే?" అంది మొగిలమ్మ.

"గురిగింజ తీసేసినంక గుడ బాణం తట్ట మీదికే ఉన్నదక్కా."

బెంచీలు గొల్లుమన్నాయి. ప్రభుదాసు ఆగలేకపోయాడు. "అన్నా, అరవై పౌన్ల వింటికి బాణం ఇరవై మూడు గ్రాములన్న ఉండాలె. అంతకు తక్కువది పెడితే..."

"ఇనుండ్రి, సదువుకున్న పిలగాడు చెప్తాండు. ఇరవై మూడు ఉండాలె. ఆడ గుడ అందరు అదే అన్నరు. నేనే వద్దన్న."

ప్రభుదాసు కష్టపడి నేర్చుకున్న లెక్క మల్లికార్జున్ కథకు మెట్టయి కూర్చుంది.

"కలకత్త దోస్తు ఇసొంటి విల్లే పట్టుకొని మనూరొచ్చిండు. హసన్‌పర్తిల నిలబడి ఇడిసిన. కొట్టింది తాటిచెట్టుకు, పోయింది ఎనుమాములకు. మార్కెట్ల మిర్చి బస్తాలు నలభై వరుసగ ఉన్నయి. ఈ పక్క దూరి ఆ పక్క ఎల్లింది. ఘాటుకు యార్డంత తుమ్ములు. ఖరీదుదార్లు తుమ్మితే ఏలం పాట పాడిండ్రనుకొని మార్కెటోళ్లు రేటు పెంచుకుంట పోయిండ్రు. ఆ ఏడు మిర్చి రైతులంత ఇండ్లు కట్టుకున్నరు."

"మా అన్న గుడ ఆ ఏడే కట్టిండు," అంది మొగిలమ్మ ఆలోచనగా.

"సూసినవా మరి. ఆడ ఆగిందా? వర్ధన్నపేట తొవ్వ పట్టింది."

"హసన్‌పర్తి నుంచి వచ్చేది అటు పోవాలంటే మలుపు తిరగాలె కదనే?" అన్నాడు ప్రభుదాసు.

"తిరిగింది తమ్మీ. తేలికది గద, గాలి ఎటంటే అటు. ఖమ్మం బస్సును దాటిపోతాంటే కండక్టర్ టికెట్ అడిగిండు."

రాజేశ్వర్ రావు సైతం నవ్వాడు. ఆ నవ్వు చూడగానే ప్రభుదాసుకు విల్లు చెయ్యి జారిపోయినట్టే అనిపించింది. అడ్డం వేసిన ప్రతి రాయీ ఎక్కి మల్లికార్జున్ ఇంకాస్త ఎత్తుకు పోతున్నాడు. ఇక రాళ్లు వేయకూడదనుకున్నాడు. గొంతులో తేనె పోసుకొని అడిగాడు.

"అన్నా, బాణానికి బరువే లేకపోతే అరవై పౌన్ల జోరు వింటి మీదనే తిరగబడ్తది గద. ఆ విల్లు తట్టుకున్నదా?"

చిన్న మాట చెప్పి ఊరుకోవటం మల్లికార్జున్ వల్ల కాదని ప్రభుదాసుకు తెలుసు.

"ఎట్ల తట్టుకుంటది? ఫట్‌మని పేలింది. ఒక గిరక చెరువుల వడ్డది, ఇంకోటి ఇప్పటికీ దొరకలె. వింటి రెక్కలు తునకలు తునకలు. నా చేతుల పిడి మిగిలింది. నేను ఏరిన బాణమంటే అట్లుంటది."

రాజేశ్వర్ రావు గ్లాసు కింద పెట్టాడు. "విల్లు మొత్తం పోయిందా?"

"మొత్తం, సాబ్."

"రేపు నిన్ను పంపితే అసొంటి బాణమే తెస్తవా?"

"అంతకన్న తేలికది తెస్త. ఫికర్ చెయ్యకుండ్రి."

ఆయన లేచి, మల్లికార్జున్ ఒళ్లోంచి పెట్టె తీసి ప్రభుదాసు ఒళ్లో పెట్టాడు.

"నా దగ్గర ఉన్నది ఒక్కటే విల్లు మల్లికార్జున్. ప్రభుదాసూ, నువ్వు జర బరువున్నయే తే."

జనం విరగబడి నవ్వారు. మల్లికార్జున్ ఖాళీ ఒడి చూసుకున్నాడు. ప్రభుదాసు పెట్టె మీద చెయ్యి వేసి, ఇప్పుడైనా తనను ఎవరైనా ఏమైనా అడుగుతారని చూశాడు. మొగిలమ్మ ఇంకో చాయ్ పట్టుకొని వచ్చింది, వచ్చి మల్లికార్జున్ చేతికిచ్చింది.

"పోనీ తియ్యి బిడ్డా. ఇంతకు ఆ బాణం యాడ వడ్డది?"

"పడ్డదని ఎవరన్నరక్కా?" అంటూ అతను సాసర్ అందుకున్నాడు.

బెంచీలన్నీ అటు ఒరిగాయి. ప్రభుదాసు పెట్టెను గట్టిగా పట్టుకొని, మాట సరిగా వినబడేంత దగ్గరికి తనూ జరిగాడు.