లారీ ఎక్కిన అక్షరాలు

టీకొట్టు బల్ల మీద కూర్చుని, సీసం కరిగించి అచ్చు అక్షరాలు పోసే పెద్దాయన మొదలుపెట్టాడు.

"ప్రెస్సు మూసేసిన రోజు సంగతి ఇది. సీసపు అక్షరాలన్నీ యజమాని తూకానికి అమ్మేశాడు, కొయ్య అక్షరాలేమో పొయ్యిలోకి పంపమన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఎవరూ చూడకుండా ఒక పెట్టె చంకలో పెట్టుకుని గోడ దూకాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక్కటి ఏ మూలకి అని వెనక్కొచ్చి, పది పెట్టెలు నెత్తిన పెట్టుకుని మళ్ళీ దూకాను."

"సీసం పెట్టెలేనా?" అన్నాడు సైకిళ్ళు బాగుచేసే మేస్త్రీ.

"సీసమే. దూదయితే చెప్పుకోవడం దేనికి? ఇంతలో సీసం కొన్నవాడి లారీ సరుకుతో కదిలింది. ఎదురెళ్ళి రెండు చేతులూ ఆనించాను. చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి గానీ బండి అంగుళం జరిగితే ఒట్టు. రోడ్డు గుంట పడి అందులోంచి నీళ్ళొచ్చాయి. ఆ వేసవంతా వీధి వీధంతా ఆ నీళ్ళే తాగింది. డ్రైవరు దిగొచ్చి, అయ్యా, మీ అక్షరాలు మీరే..."

"బాబాయ్," అంది పుస్తకాలు కుట్టే ఆవిడ. "లారీకి అడ్డం నిలబడింది మా అమ్మ. నువ్వు పెట్టెలు మోసిన మాట నిజమే. లారీలోకి మోశావు."

టీకొట్టాయన స్టవ్వు తగ్గించాడు.

"ఎక్కించమన్నారు, ఎక్కించాను," అన్నాడు పెద్దాయన. "ముప్పయ్యేళ్ళు నేను పోసినవే. మీ అమ్మ నావైపు చూసింది. తిట్టినా బాగుండేది. ఆరు పెట్టెలు దింపించుకుంది మహాతల్లి."

"ఆ ఆరూ మా ఇంట్లోనే ఉన్నాయి. వాటితో చిన్న పుస్తకం కూరుస్తున్నాను. 'ళ'లు చాలట్లేదు. ఆ అక్షరం పోసే మూస నీ దగ్గరుందని అమ్మ అనేది."

పెద్దాయన తలెత్తాడు. "ఉంది. నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టాను. ఎన్ని కావాలి?"

"పన్నెండు."

"పన్నెండేమిటి, సాయంత్రానికల్లా..." అని ఆగిపోయాడు. తన చేతులకేసి చూసుకున్నాడు. "వణుకుతున్నాయమ్మా. రోజుకి నాలుగు పోస్తానేమో, అందులో రెండు వంకర పోతాయి. నువ్వొచ్చి పక్కన కూర్చో. మూస పట్టుకోవడం నేర్పుతాను."