నావ పాట చీటీ

రాజమండ్రి, 2003 గోదావరి పుష్కరాల ఆఖరి రోజు మధ్యాహ్నం. గాయని ప్రసన్నకుమారి ఊరికి తిరుగు ప్రయాణమవుతోంది. లాడ్జి గదిలో ఆమె బ్యాగు సర్దుతున్నది పట్టిసీమ దగ్గరి గూటాల నుంచి వచ్చిన అభిమాని సూర్యకళ.

“అయ్యో, మీరెందుకండీ సర్దడం? అక్కడ పెట్టండి, మా అశోక్ సర్దుతాడు.”

“మగవాళ్ళు చీరలు మడతపెట్టరండి, కుక్కుతారు. ఇలా ఇవ్వండి. ఈ వంగపండు రంగుది ద్రాక్షారామంలో కట్టారు కదండీ?”

“ఎప్పుడు?”

“తొంభైలో, భీమేశ్వరస్వామి గుడి బయట. మొదటి పాటలోనే దగ్గొచ్చింది మీకు. మిరియాల నీళ్ళు తాగి మళ్ళీ మొదట్నించీ ఎత్తుకున్నారు. ఆ రోజునుంచీ మా ఇంట్లో కూడా మిరియాల నీళ్ళేనండి. మా ఆయన అనేవారు, పాడేది ఆవిడా, గొంతు కాచుకునేది నువ్వా అని.”

“భలేవారే! ఇప్పుడేమంటున్నారు ఆయన?”

“పోయి ఆరేళ్ళయిందండి. ఈ చీర కింద తువ్వాలు పరిచాను, జరీ నలగదు. ఈ బిస్కట్ల డబ్బా ఎక్కడ పెట్టమంటారు?”

“అది... అది ఇలా ఇచ్చెయ్యండి. నేను చేత్తో పట్టుకుంటాను.”

“బరువు లేదు, చప్పుడు లేదు. కాగితాలాండీ?”

“ఏవో పాతవి. దాన్నొదిలెయ్యండి.”

“పెద్దమ్మా, ఆటో అతను తొందరపెడుతున్నాడు. ఈ పుష్కరాల జనంలో స్టేషను దాకా పాకుతూ పోవాలి.”

“వస్తున్నాను అశోక్. పది నిమిషాలు ఆగమను.”

“ఇందాక ఐదు నిమిషాలన్నావు, అరగంటైంది. ఏమండీ పెద్దావిడ గారూ, రాత్రి సభ అయ్యాక మాట్లాడారు, పొద్దున్న రేవులో మాట్లాడారు. ఇంకేం మిగిలాయండీ?”

“ఒక్కటి మిగిలింది బాబూ.”

“నువ్వు కిందికెళ్ళు అశోక్. చెప్పండి సూర్యకళ గారూ, ఏంటది? ఫోటోయా, సంతకమా?”

“అవేం కాదండి. అడిగితే ఏమనుకుంటారోనని భయం. తణుకులో అడుగుదామని వచ్చాను. కరెంటు పోయింది ఆవేళ. మైకు లేకుండా గంటన్నర పాడారు మీరు. చంటిపిల్లలు కూడా కిక్కురుమనలేదు. నేను ఆఖరి వరసలో, చెరుకుబండికి ఆనుకుని నిలబడ్డాను. మీరు ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది నాకు. అంత విన్నాక అడగబుద్ధి కాలేదు. మండపేటలో మిమ్మల్ని కారెక్కించేశారు. అలా ఏడుసార్లు వచ్చి వెనక్కెళ్ళానండి.”

“ఏడుసార్లా! ఏంటండీ అంత పెద్ద విషయం?”

“చీటీ అండి.”

“చీటీయా?”

“పట్టిసీమలో శివరాత్రి తీర్థానికి పాడారు కదండీ, పదకొండేళ్ళ కిందట. ఇసుకలో స్టేజీ కట్టారు. నాలుగింటికి మొదలెట్టారు. పాటలు కోరుతూ జనం చీటీలిచ్చేవారు, మీరు మైకులో చదివి పాడేవారు. నేనూ ఒకటిచ్చాను. మీరే అంచు దాకా వచ్చి, వంగి నా చేతిలోంచి తీసుకున్నారు. మీ వేళ్ళు తగిలాయి నాకు.”

“చీటీలు బస్తాలకొద్దీ వచ్చేవండి అప్పట్లో.”

“తెలుసండి. నేనిచ్చినదాంట్లో ఏం రాసుందో గుర్తుందేమోనని.”

“అదేంటండీ! మీరిచ్చిన చీటీలో ఏముందో మీకు తెలీదా?”

“తెలీదండి. నాకప్పుడు చదువు రాదు.”

“మరి ఎవరు రాశారు?”

“మా రాణి. మా అమ్మాయండి, అప్పటికి పద్దెనిమిదేళ్ళు. పొద్దున్నే అడిగాను, నావ పాటకి ఒక చీటీ రాసిపెట్టవే అని. ‘కాసేపాగవే నావా’ అండి. ఆ పాటంటే నాకు...”

“ఆ పాట నేనిప్పుడు పాడటం లేదు.”

“ఆయ్, తెలుసండి. ఆ శివరాత్రి తర్వాత ఎక్కడా పాడలేదు. తణుకులో జనం ఎంత అరిచినా గొంతు బాగాలేదన్నారు. మైకు లేకుండా గంటన్నర పాడిన గొంతు.”

“మీ అమ్మాయి సంగతి చెబుతున్నారు.”

“రాయనంది. అప్పటికే మా ఇద్దరికీ మాటామాటా వచ్చింది. మా తమ్ముడు పల్లంరాజుకి ఇవ్వాలని ముహూర్తం పెట్టేశామండి. మావయ్యని చేసుకోనంది. నన్ను చేతుల్తో ఎత్తుకుని పెంచాడు, ఆయన పక్కన పెళ్ళిపీటల మీద ఎలా కూర్చోను అంది. ఊళ్ళో అందరూ కూర్చోవటంలేదా అన్నాను. ఎదురు చెప్పింది. చెయ్యి చేసుకున్నాను. పండగపూట.”

“ఊఁ.”

“తీర్థానికి రానంది. నేనొక్కదాన్నే వచ్చి ముందు వరసలో కూర్చున్నాను. కూతుర్ని కొట్టిన చేత్తోనే చప్పట్లు కొట్టాను. ఐదున్నర దాటాక వేరుశనక్కాయలమ్మే బుల్లియ్య జనంలో దూరి వచ్చాడు. మీ రాణి ఇమ్మందమ్మా అని చీటీ ఇచ్చాడు. హమ్మయ్య, కోపం తగ్గి పాట రాసి పంపింది అనుకున్నానండి. మడత కూడా విప్పలేదు. విప్పినా నాకేం తెలుస్తుంది? లేచి మీకిచ్చేశాను. మీరు చూశారు. నవ్వారు. నావ పాటే ఎత్తుకున్నారు. నా బతుకులో అంత సంతోషం ఎన్నడూ లేదండి. నా పెళ్ళికి కూడా లేదు.”

“అయితే పాట చీటీయే కదండీ. నేను నావ పాట పాడానంటే అందులో అదే ఉంటుంది.”

“నేనూ అలాగే అనుకున్నాను. ఇంటికెళ్తే రాణి లేదు.”

“మంచినీళ్ళు తాగుతారా?”

“వద్దండి. ఎవరో చూశారట, గుడ్డసంచీతో రేవులో కూర్చుందని, ఆరింటి లాంచీకి రాజమండ్రి వెళ్ళిందని. ఈ ఊళ్ళో తిరగని సందు లేదండి. పల్లంరాజు కూడా తిరిగాడు పాపం. మరుసటేడు వాడికి వేరే పిల్లనిచ్చారు. ఇప్పుడు ముగ్గురు పిల్లలు. నాకే, ఒకటే పురుగు తొలుస్తోంది. అది పాట చీటీ అయితే నా కూతురు నాతో ఒక్క మాటైనా చెప్పకుండా పోయింది. నాకు రాసిన ఉత్తరమైతే చెప్పే పోయింది, నేనే దాన్ని తీసుకెళ్ళి స్టేజీ మీదకిచ్చేశాను. ఏదైనా పోవడం పోవడమే కదా అన్నారు మా ఆయన. రెండూ ఒకటి కాదండి.”

“అది పాట చీటీయేనండి.”

“గుర్తుందా మీకు?”

“ఆ... గుర్తుంది. నావ పాట పాడండి అని. అంతే ఉంది. మీరు ఆకుపచ్చ చీరలో, ముందు వరసలో, ఎంత సంతోషంగా విన్నారో కూడా గుర్తుంది. ఇంక మనసు కుదుటపరుచుకోండి.”

“చీర రంగు నేను చెప్పలేదండి.”

“చూశాను కదా మరి.”

“ఇందాక బస్తాలకొద్దీ చీటీలన్నారు. అంత తీర్థం జనంలో నా నేతచీర గుర్తుందా, పదకొండేళ్ళకి?”

“సూర్యకళ గారూ, నాకు రైలు టైమవుతోంది.”

“అమ్మగారూ, మీరు ఇందాకట్నుంచీ ఆ డబ్బా మీద చెయ్యి తియ్యలేదు.”

“పెద్దమ్మా! ఆటో వెళ్ళిపోతానంటున్నాడు!”

“పోతే పోనీ అశోక్! ఇంకో రైలుంటుంది. తలుపు దగ్గరికి వేసి వెళ్ళు. సూర్యకళ గారూ, మీకిప్పుడు చదువు వచ్చా?”

“వచ్చండి. ఎవరూ నేర్పలేదు. బస్టాండులో మీ పాటల పుస్తకం కొన్నాను. అన్నీ నోటికొచ్చినవే కదా. పాడుకుంటూ, అక్షరాల మీద వేలు జరుపుకుంటూ పోయాను. ‘కా’ అంటే ఇదీ, ‘నా’ అంటే ఇదీ. కూడబలుక్కుని రెండేళ్ళకి పేపరు దాకా వచ్చాను. మళ్ళీ ఎప్పుడైనా చీటీ పంపితే చదువుకోవాలి కదా అని.”

“ఇదిగో. నెమ్మదిగా విప్పండి. మడతల దగ్గర చిరిగింది.”

“రాణి రాతేనండి! దీర్ఘం ఇలాగే వెనక్కి లాగేది. పాలవాడి లెక్క గోడమీద రాసినా ఇలాగే...”

“చదవకండి. నేను చెబుతాను.”

“నేనే చదువుతానండి. ‘ప్రసన్నకుమారి గారికి నమస్కారాలు.’ మీకా? మీకు రాసిందా?”

“మీకే రాసింది. మీరు చదవలేరు కదా. నేను మైకులో చదివితే మీకు వినపడుతుందని నా పేరున రాసింది. మీరు నాకివ్వడం తప్పు కాదండి. మీరిస్తారనే పంపింది.”

“‘ముందు వరసలో ఆకుపచ్చ నేతచీర కట్టుకున్నావిడ మా అమ్మ. అమ్మకి చదువు రాదు. నేను చెబితే వినదు, మీరు చెబితే వింటుంది. రాణి రేవులో ఉందని మైకులో చెప్పండి. ఆరింటి లాంచీ దాకా చూస్తాను. అమ్మ వస్తే ఆగిపోతాను.’ కళ్ళు... అక్షరాలు కలిసిపోతున్నాయండి.”

“చాలు. ఇటివ్వండి.”

“ఇంకో వరసుంది. ‘కాసేపాగవే నావా పాడకముందే చెప్పండి. ఆ పాట ఎత్తుకుంటే అమ్మ లేవదు.’”

“నేను ఆ ఆఖరి వరసలో మొదటి రెండు మాటలే చూశానండి. పాడేవాళ్ళ కన్ను అంతే. చీటీ విప్పగానే పాట పేరు కోసం వెతుకుతుంది. ముందూ వెనకా ఏమున్నా కనపడదు. పేరు కనపడింది, వయొలిన్ ఆయనకి సైగ చేశాను. చీటీలన్నీ సంచిలో వేసుకుని కారెక్కాను. కొవ్వూరు దగ్గర టీ కోసం ఆపినప్పుడు ఇది మళ్ళీ చేతికొచ్చింది. అప్పుడు చదివాను మొత్తం.”

“అప్పటికి టైమెంతండి?”

“ఎనిమిదైంది. కారు వెనక్కి తిప్పమనలేదు. ఆ అమ్మ ఎవరో, ఏ ఊరో ఎలా తెలుస్తుంది అనుకున్నాను. సాకండి అది. ఆకుపచ్చ చీర అని అడిగితే తీర్థంలో ఎవరైనా చెప్పేవాళ్ళు. భయమేసింది. ఆ పాట మానేశాను, ఈ చీటీ దాచాను. అంతకంటే ఏమీ చెయ్యలేదు. ఇప్పుడు కూడా అబద్ధమే చెప్పాను. తిట్టండి నన్ను.”

“మిమ్మల్నెందుకు తిడతానండి? ఆ పాట ఎంతసేపు?”

“ఏడెనిమిది నిమిషాలు.”

“అయిపోయేసరికి లాంచీ ఇంకా రేవులోనే ఉందండి. జనాన్ని ఎక్కించుకుంటున్నారు, కేకలు వినపడుతున్నాయి. రేవు ఎంతో దూరం కూడా కాదు. మీరు ఈ చీటీని మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. మడత విప్పుతున్నారు. నేను చూస్తూనే ఉన్నాను. అప్పుడొకావిడ వన్స్ మోర్ అని అరిచింది. గుర్తుందా?”

“గుర్తుంది. ముందు ఒక గొంతే. తర్వాత అందరూ అందుకున్నారు. నేను చీటీ మడిచేసి మళ్ళీ పల్లవి...”

“నాకొచ్చిన ఇంగ్లీషు ఆ రెండు ముక్కలేనండి.”

“మీరా!”

“రెండోసారి చరణంలో ఉండగా లాంచీ కూసింది. పాటకి అడ్డొచ్చిందని దాన్ని తిట్టాను కూడా.”

“సూర్యకళ గారూ, ఏడవండి. ఒక్కసారి ఏడ్చెయ్యండి.”

“ఏడుపు రావట్లేదండి. అది నాతో చెప్పింది. నాకదే కావాలి. చెప్పకుండా పోలేదు.”

“ఆ చీటీ మీరు తీసుకెళ్ళండి. మీది.”

“మీ పేరున ఉందండి. మైకులో చదవాల్సింది. మీ దగ్గరే ఉండాలి. పెన్నుందా? అడుగున కాస్త చోటు మిగిలింది.”

“ఉంది. ఏం రాస్తారు?”

“రాయడం ఇంకా నెమ్మదేనండి నాకు. ఉండండి. ఒత్తులు సరిగ్గా కుదరవు. ఆ... ఇదిగో. పాట పేరు కోసం వెతక్కండి, లేదు. ఈసారి ఆఖరి దాకా చదవండి. పైకి.”

“‘మా రాణి 1992 శివరాత్రినాడు సాయంత్రం ఆరింటి లాంచీ ఎక్కింది. మళ్ళీ రాలేదు.’”