అనలిస్టు తప్పా, మేనేజరు తప్పా

గుడివాడ నుంచి బందరు వెళ్లే బస్సు. నా వెనక సీట్లో ముదినేపల్లిలో చేపల చెరువులున్న బావ, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ చేసే బావమరిది.

“సోమవారం పూట ఇక్కడున్నావేంట్రా? ఉద్యోగం పోయిందా?”

“సగం పోయింది బావా.”

“సగమేంట్రా?”

“మాది ఎజైల్ టీమంట, అంటే కొద్దిమందితోనే చకచకా పని లాగించే పద్ధతి. కస్టమరుకేం కావాలో కనుక్కునే అనలిస్టు పనీ, టైముకి చేయించే మేనేజరు పనీ నాకే అంటగట్టారు. రోజూ పొద్దున్నే టీమంతా నిలబడి మాట్లాడుకోవాలి. అనలిస్టుగా ఇంకో పని కావాలని అడిగేవాణ్ణి. పక్కకి జరిగి, మేనేజరుగా కుదరదనేవాణ్ణి.”

“చెరువు మీద నేనూ అంతేగా. మేత వేసేదీ నేనే, చేపలెప్పుడు పట్టాలో చెప్పేదీ నేనే. పక్కకైతే జరగను.”

“మొన్న పని లేటైంది. ఇద్దర్నీ సంజాయిషీ రాయమన్నారు. అనలిస్టు తప్పని మేనేజరుగా రాశాను. మేనేజరు తప్పని అనలిస్టుగా రాశాను.”

“ఎవణ్ణి నమ్మారు?”

“మేనేజర్ని. అనలిస్టుని తీసేశారు.”

“పోన్లే, నువ్వు మిగిలావుగా!”

“గేటు కార్డు అనలిస్టు పేరున ఉంది, ఆపేశారు. మేనేజర్నని చెప్పినా సెక్యూరిటీవాడు లోపలికి పోనివ్వడు. మూడ్రోజులు రాకపోతే మేనేజర్నీ తీసేస్తారు బావా.”

“ఎవరు రాలేదో వాళ్లకెలా తెలుస్తుందిలేరా?”

“ఎవరెవరు రాలేదో మేనేజరే రోజూ మెయిల్ పెట్టాలి. పెట్టకపోతే పని చెయ్యలేదంటారు. బందరు బస్టాండు దగ్గర నెట్ సెంటరుందా?”